ఒక చీటీ, రెండు గుమ్మాలు

నిన్న సాయంత్రం నుంచి తమోత్సు కూతురితో మాట్లాడటం లేదు. చెప్పాల్సినవన్నీ పెళ్ళానికి చెబుతున్నాడు, అదీ కూతురు అదే బల్ల దగ్గర చేతికందే దూరంలో కూర్చుని ఉండగానే.

"ఆ చీటీ ఇప్పుడెక్కడుందో అడుగు దాన్ని," అన్నాడు సూపు గిన్నెలోకి చూస్తూ.

కజుయె అడగలేదు. అన్నం వడ్డిస్తూ కూతురి వంక చూసి ఊరుకుంది.

"నోజిరి గారి దగ్గరుంది," అంది సయోరి.

"ఆయన దగ్గర ఎందుకుందో అడుగు."

"నేనే చూపించాను నాన్నా. ఆయన చదువుకుని లోపలికి తీసుకెళ్ళి దాచుకున్నారు. నా చీటీ నాకిచ్చెయ్యండని ఎలా అడుగుతాను?"

"నీ చీటీ కాదది." నోరు జారి కూతురితోనే అనేశాడు తమోత్సు. వెంటనే తప్పు దిద్దుకుని భార్య వైపు తిరిగాడు. "దాని చీటీ కాదని చెప్పు. కురోసె గారి చీటీ అని చెప్పు."

ముల్లంగి ఊరగాయ ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలాడు. ఆ ముక్క చేసిన పాపమేమిటో దానికే తెలియాలి.

బయట మంచు కురుస్తోంది. షెడ్డులో కళ్ళజోళ్ళ ఫ్రేములకి పాలిష్ పట్టే చక్రాలు ఈ పాటికి తిరుగుతూ ఉండాలి. ఎనిమిదవుతున్నా ఇంకా మీట నొక్కలేదు. ముప్ఫై అయిదేళ్ళలో తమోత్సు చక్రం ఆలస్యంగా తిరిగిన రోజులు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కళ్ళజోళ్ళ పని మీదే బతికే ఈ సబాయె ఊళ్ళో పెద్దలెవరైనా తమ విజిటింగ్ కార్డు మీద రెండు ముక్కలు రాసి, కింద ఎర్ర ముద్ర గుద్ది ఇస్తే దాన్నే చీటీ అంటారు. 'ఈ మనిషి నా మనిషి, నన్ను చూసినట్టే చూడండి' అని దానర్థం. ఒక చీటీ ఒక్క గుమ్మానికే. పని అయినా, కాకపోయినా, ఆ చీటీ పట్టుకుని ఇచ్చినాయన దగ్గరికే మొదట తిరిగి వెళ్ళాలి. ఏం జరిగిందో చెప్పి చీటీ ఆయన చేతిలో పెట్టాలి. ఆ తర్వాతే సొంత అమ్మకైనా చెప్పుకోవాలి. ఇదెక్కడా రాసి లేదు. రాసి లేదు కాబట్టే ఎవరూ తప్పరు.

సయోరి తప్పింది. రెండు వారాల కిందట టోకు వ్యాపారి కురోసె గారు వర్తక సంఘం భవనంలో హడావుడిగా నిలబడే ఒక చీటీ రాసిచ్చాడు. ఆ హడావుడిలో పైన ఎవరి పేరూ రాయలేదు. నగోయాలో ఆరు కళ్ళజోళ్ళ దుకాణాలున్న ఒగిసో అనే ఆయనకి చూపించమని ఇచ్చిందది. సయోరి వెళ్ళింది, తన చేత్తో చేసిన నమూనా ఫ్రేము చూపించింది, ఒక గంటలో రెండు వందల కళ్ళజోళ్ళ ఆర్డరు పట్టుకుని బయటికొచ్చింది. చెవి మీదికి వచ్చే కాడ లోపలి వైపు తన సొంత గుర్తు ఉంటుంది. ఏప్రిల్ ఆఖరుకల్లా ఇవ్వాలి. ఒగిసో పద్ధతి తెలిసిన మనిషి కాబట్టి చీటీని రెండు చేతులతో ఆమెకే తిరిగిచ్చాడు.

అక్కడే బుర్ర గాడి తప్పింది. రైల్లో వస్తున్నంతసేపూ ఆమెకి కీళ్ళ ధ్యాసే. కాడ మడిచే చోట అంత చిన్న టైటానియం కీలు చెయ్యగల చెయ్యి ఈ ఊళ్ళో ఇంక నోజిరి ముసలాయనది ఒక్కటే మిగిలింది. ఆయనేమో కొత్తవాళ్ళని గుమ్మం ఎక్కనివ్వక ఏళ్ళయింది. చూస్తే సంచీలో చీటీ ఉంది, పైన పేరు లేదు. స్టేషన్లో దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా, తిన్నగా నోజిరి గుమ్మంలో నిలబడింది.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చీటీ రెండుసార్లు చదివాడు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చేస్తానన్నాడు.

ఎంత సులువుగా అయిపోయిందో అని సయోరి మురిసిపోయింది. కురోసె గారికి శుభవార్త ముక్కలు ముక్కలుగా కాక, కీళ్ళతో సహా మొత్తం ఒకేసారి చెబుదామనుకుంది. ఊళ్ళో కుర్రకారు పదకొండు మంది ప్రతి మంగళవారం తెల్లవారగానే కాఫీ కొట్టు మేడ మీద కూడతారు. పూత పూసేవాళ్ళ రెండో అమ్మాయి, బ్యాంకులో పనిచేసే కుర్రాడు, మున్సిపాలిటీ గుమాస్తా, ఇలా తలో పనివాళ్ళూ. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకోవడం, ఒకరికి తెలిసినవాళ్ళని ఇంకొకరికి కలపడం వాళ్ళ పని. నిన్నటి మంగళవారం సయోరి వంతు. పరిచయాలు పెంచుకోవడం ఎలా అని నలభై నిమిషాలు చెప్పింది. ఒక పరిచయాన్ని ఒక్కచోటే ఖర్చుపెట్టేసి ఊరుకోకూడదు, దాంతో రెండో తలుపు కూడా తట్టాలి అంది. అందరూ రాసుకున్నారు కూడా పాపం.

ఆ సాయంత్రమే టోఫు కొట్టు ఆవిడ కజుయెకి చెప్పింది. సోమవారం మధ్యాహ్నం నోజిరి గారు, పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప బయటికి తియ్యని నల్ల సూటు వేసుకుని, గుడ్డలో చుట్టిన సారా సీసా చంకలో పెట్టుకుని, మంచు బురదలో నడుచుకుంటూ కురోసె గారి ఇంటికెళ్ళాడట. గంటసేపు లోపలే ఉన్నాడట. ఆ ఇద్దరూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కి పద్దెనిమిదేళ్ళయిందట.

ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే సయోరికి ఎవరూ చెప్పలేదు.

"కురోసె గారే తగ్గి వచ్చారనుకున్నాడు పిచ్చి మహానుభావుడు," అన్నాడు తమోత్సు, ఈసారి ఎవరితోనో తెలియకుండా, గోడతో. "నిన్ను పంపి స్నేహానికి చెయ్యి చాపారనుకున్నాడు. సూటు వేసుకుని వెళ్ళాడు. పద్దెనిమిదేళ్ళు పళ్ళు బిగబట్టుకున్న మనిషి."

"నాకు తెలియదు నాన్నా."

"తెలియకపోతే అడగాలి. అడగడానికి మీ మేడ మీది సంఘంలో ఎవరూ నేర్పలేదా?"

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. గుచ్చుకున్నదాన్ని దాచుకునే అలవాటు సయోరికి లేదు. ఆ సంఘం వల్లే పోయినేడాది మూడు కొత్త కంపెనీల పని ఈ షెడ్డుకొచ్చిందని గుర్తుచేసింది. ఒసాకాలో నెల జీతం వదులుకుని తను తిరిగొచ్చేనాటికి నాలుగు చక్రాల్లో రెండు మూలపడి ఉన్నాయని కూడా గుర్తుచేసింది. తమోత్సు ఒంటికాలి మీద లేచాడు. పాలిష్‌కి వచ్చే ఫ్రేముల పెట్టెలు పదిలో ఎనిమిది ఇప్పటికీ కురోసె గారి దగ్గర్నుంచే వస్తున్నాయనీ, ఆయన రేపు పంపకపోతే మూడో చక్రమూ నాలుగో చక్రమూ ఎవరి మొహం చూసి తిరుగుతాయనీ అడిగాడు. తను ముప్ఫై అయిదేళ్ళు పరాయివాళ్ళ ఫ్రేములే రుద్దాడనీ, ఏ కాడ మీదా తన పేరు లేదనీ, అయినా ఎవరి ముందూ తల దించుకోలేదనీ అన్నాడు.

పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది.

తమోత్సు లేచి వెళ్ళి అలమర తెరిచాడు. నల్ల సూటు తీసి, భుజాల మీద దుమ్ము దులపసాగాడు.

"ఎక్కడికి?" అంది సయోరి.

"ఎక్కడికేమిటి? పిల్ల తప్పు చేస్తే తండ్రి వెళ్ళి తల వంచుతాడు. కొత్తగా వచ్చిందా ఇది?"

"నా తప్పుకి మీ తల ఎందుకు? ఆర్డరు నా పేరున వచ్చింది. తిట్లూ నా పేరునే రావాలి."

"నువ్వు వెళ్ళి ఏం చెబుతావు?"

"జరిగింది చెబుతాను."

తమోత్సు సూటు పట్టుకుని నిలబడిపోయాడు. అప్పటిదాకా నోరు విప్పని కజుయె లేచి సూటు ఆయన చేతుల్లోంచి తీసుకుని మళ్ళీ తగిలించింది. వంటగట్టు మీదినుంచి యోకన్ పెట్టె తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. చలికాలం తీపి, నిన్న రాత్రే కాగితం చుట్టి సిద్ధంగా ఉంచింది మరి, ఎవరు తీసుకెళతారో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"చేసినవాళ్ళే వెళ్ళాలండీ," అంది భర్తతో. "మీరు చక్రం తిప్పుకోండి. ఆలస్యమైంది."

కురోసె గారికి డెబ్భై ఒకటి. గొంతు పెంచడం ఆయనకి చేతకాదు, అవసరమూ పడలేదు. సయోరిని తోట వైపు గదిలో కూర్చోబెట్టి తనే టీ పోశాడు. మంచు బరువుకి విరక్కుండా తాళ్ళు కట్టిన చెట్టు కిటికీలోంచి కనబడుతోంది. ఆయన దాని వంకే చూస్తున్నాడు.

సయోరి చాప మీద నుదురు ఆనించి జరిగింది మొత్తం చెప్పింది. నగోయా సంగతి చెప్పింది, చీటీ తిరిగి తేలేదని చెప్పింది, రెండో గుమ్మంలో చూపించానని చెప్పింది. ఏదీ తగ్గించలేదు, ఏదీ తెలియక చేశాననలేదు. ఆయనకీ నోజిరికీ మధ్య మాటల్లేవన్న సంగతి ఒక్కటి మాత్రం నిజంగా తెలియదంది.

"తల ఎత్తు," అన్నాడాయన. "ఒగిసో ఎంతకి ఒప్పుకున్నాడు?"

చెప్పింది. ఆయన కనుబొమలు కొంచెం లేచాయి.

"మంచి ధరే. నేనైతే అంత అడిగేవాణ్ణి కాను." టీ ఒక గుక్క తాగాడు. "నోజిరి నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు. 'నీ చీటీ అందింది, చాలా కాలం పట్టింది నీకు' అన్నాడు. ఏ చీటీ అని అడగాలా నేను? సూటు వేసుకొచ్చాడు. కాళ్ళు రెండూ తడిసిపోయున్నాయి."

సయోరి తను కూర్చున్న చాప వంక చూసింది.

"నేనే రాశానన్నాను. నీ పుణ్యమా అని ఈ వయసులో ఒక అబద్ధం ఆడాను. వాడు సంతోషంగా వెళ్ళాడు. కాబట్టి ఇంక అది అబద్ధం కాదు, నేనే రాశాను. అర్థమైందా?"

"అర్థమైంది."

"నీకు కీళ్ళొస్తాయి. ఒగిసోకి జోళ్ళు వెళతాయి. మీ నాన్నకి నా పెట్టెలు ఎప్పటిలాగే వస్తాయి. ఎవరికీ ఏ నష్టమూ లేదు. నువ్వు నోరు మెదపకుండా ఉండాలి, అంతే. ఈ మాట బయటికి పొక్కితే మాత్రం మీ షెడ్డుకి నేను పెట్టెలు పంపలేను. కోపంతో కాదమ్మా. మీ మొహాలు చూడలేక."

ఇంత తేలిగ్గా బయటపడతానని సయోరి కలలో కూడా అనుకోలేదు. అయినా లేవకుండా కూర్చుంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఏం జరిగిందని అడిగింది.

కురోసె గారు జవాబు చెప్పలేదు. చాలాసేపటికి, "వాడి పాత యంత్రం ఇంకా తనే నడుపుతున్నాడా?" అని అడిగాడు.

"తనే నడుపుతున్నారు."

"నూనె తనే పోసుకుంటున్నాడా?"

"అవునండీ."

ఆయన తల ఊపి, ఇంక వెళ్ళమన్నట్టు టీ కప్పులు దగ్గరికి జరుపుకున్నాడు.

వ్యానులో కూర్చుని నాన్నకి ఫోను చేసింది. వెనక చక్రం చప్పుడు ఆగిపోయింది. ఆమె చెబుతుంటే తమోత్సు ఊ కొడుతూ విన్నాడు. తర్వాత కూతురితోనే, మధ్యలో పెళ్ళాం లేకుండా మాట్లాడాడు.

"పెద్ద మనసాయనది. గండం గడిచింది. ఊరుకో ఇంక. మధ్యాహ్నం వేడివేడిగా సోబా నూడిల్స్ తిందువుగాని, ఇంటికి రా."

ఇంటికి రా అని మళ్ళీ అన్నాడు. నిన్నటి నుంచి ఆయన ఎంత భయపడ్డాడో సయోరికి ఆ రెండో పిలుపులో తెలిసింది. నోజిరి గారి దగ్గర మొదటి విడత కీళ్ళు తీసుకుని వచ్చేస్తానని చెప్పి పెట్టేసింది.

సంతోషించాలి ఇప్పుడు. సంతోషం రావడం లేదు.

ఆమెకి తన మీద తనకి నమ్మకం ఎక్కువ. అది ఊరికే వచ్చింది కాదు. మూడేళ్ళలో ఏ తలుపు తట్టినా తన పని చూపించి తెరిపించుకుంది. ఈ ఒక్క తలుపే దానికి రాయని చీటీతో తెరిపించింది. ఇప్పుడిక ప్రతి నెలా వెళ్ళి ఆ ముసలాయన ముందు కూర్చుని, ఆయన పెట్టిన టీ తాగి, ఆయన సంతోషాన్ని చూస్తూ నవ్వాలి. రెండు వందల జోళ్ళకీ అలా నవ్వాలి. ఆ తర్వాత ఇంకో రెండు వందలకి. ఎంతకాలం నవ్వగలదు?

నోజిరి షెడ్డు రైలు పట్టాల పక్కన. ఆయన జుట్టు కత్తిరించుకున్నాడు, గడ్డం నున్నగా గీసుకున్నాడు. పదేళ్ళు తగ్గినట్టున్నాడు మనిషి. యంత్రం నడుస్తుండగానే చేత్తో రమ్మని పిలిచాడు. ఆ చప్పుడులోనే కేకలేసి కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. కురోసె గురువారం గో ఆట ఆడదాం రమ్మన్నాడట. చిన్నప్పుడు ఒకే బడి, ఒకే బెంచీ అట. వాడు ఓడిపోతే రాళ్ళు చెదరగొట్టి లేచిపోయేవాడట, ఇప్పటికైనా ఆ బుద్ధి మారిందో లేదో చూడాలట.

"మా ఆవిడ పోయేముందు కూడా అడిగింది," అన్నాడు, కీళ్ళ పొట్లం ఆమె ముందు పెడుతూ. "'మీరిద్దరూ ఎప్పుడు మాట్లాడుకుంటారండీ' అని. అందుకని ముందు తనకి చూపించాను."

వెనక గదిలో పూజ అలమర తలుపులు తెరిచే ఉన్నాయి. ఆవిడ ఫొటో ముందు, అన్నం గిన్నె పక్కన, ఎర్ర ముద్ర ఉన్న ఆ కార్డు నిలబెట్టి ఉంది.

నోరు మూసుకుని పొట్లం తీసుకుని వెళ్ళిపోతే అయిపోతుంది. నాన్న సోబా ముందు కూర్చుని ఎదురు చూస్తుంటాడు. చెబితే ఈ పొట్లమూ పోతుంది, ఆ పెట్టెలూ పోతాయి. రెండూ తెలుసు. సయోరి పొట్లాన్ని వేళ్ళతో మెల్లిగా వెనక్కి జరిపింది.

"నోజిరి గారూ, యంత్రం ఒక్క నిమిషం ఆపుతారా?"

ఆయన ఆపాడు. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఆ చీటీ మీకు రాసింది కాదండీ. నగోయాలో వేరే ఆయనకి రాసింది. పైన పేరు లేదని నేను తెచ్చి మీకు చూపించాను. మీకు చూపించినట్టు కురోసె గారికి తెలియదు. తప్పు నాది, ఆయనది కాదు."

నోజిరి చేతుల్లో నూనె గుడ్డ ఉంది. దాంతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడిచాడు. పట్టాల మీద రైలొకటి వచ్చి వెళ్ళిపోయింది, కిటికీ అద్దాలు గలగలలాడి ఊరుకున్నాయి. సయోరి తల వంచుకుని నిలబడింది. ఆయన తిడితే బాగుండుననిపించింది.

"సోమవారం నేను వెళ్ళేసరికి వాడికేమీ తెలియదా?"

"తెలియదు."

"మరి నేనే రాశానన్నాడేమిటి?"

"అన్నారు. ఇప్పుడు నాతో కూడా అలాగే అన్నారు."

"నిన్ను చెప్పమని పంపాడా?"

"లేదండీ. నోరు మెదపొద్దన్నారు. చెబితే మా నాన్నకి పని పంపలేనన్నారు. అయినా చెప్పకుండా ఈ కీళ్ళు పట్టుకెళ్ళలేకపోయాను."

నోజిరి స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక ఒక్కసారిగా ముసలాడైపోయాడు.

"పని పోయినందుకు కాదమ్మా నాకు కోపం," అన్నాడు, ఎక్కడో చూస్తూ. "వాడు అప్పట్లో కీళ్ళు బయటి దేశం నుంచి తెప్పించాడు. చవక. వ్యాపారం, ఎవడైనా చేస్తాడు. నాకు తెలిసింది మాత్రం టోఫు కొట్టు దగ్గర. ఊరంతా తెలిశాక. ముందు నా ఇంటికొచ్చి చెప్పుంటే టీ ఇచ్చి పంపేవాణ్ణి."

కురోసె గారు తోటలోకి చూస్తూ ఎందుకు జవాబు చెప్పలేదో సయోరికి ఇప్పుడు అర్థమైంది. చెప్పాల్సినవాళ్ళకి ముందు చెప్పకపోవడం ఈ ఊళ్ళో తనొక్కతే చేసిన తప్పు కాదన్నమాట.

నోజిరి తనలో తనే లెక్క సరిచూసుకుంటున్నట్టు మెల్లిగా అన్నాడు.

"పిలవకుండా వెళ్ళాను. వాడు నన్ను గుమ్మంలోంచే పంపించెయ్యొచ్చు. ఏ చీటీ అని అడగొచ్చు. అడిగితే నేను ఆ బురదలో ఎలా తిరిగొచ్చేవాణ్ణో. అడగలేదు వెధవ. గురువారం రమ్మన్నాడు." గుడ్డ బల్ల మీద పడేశాడు. "నన్ను పంపించడం ఇష్టం లేకపోయింది వాడికి."

సయోరి అవుననలేదు, కాదనలేదు. అది ఆమె చెప్పాల్సిన మాట కాదు.

నోజిరి లేచి కీళ్ళ పొట్లం తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆయన లోపలికెళ్ళి అలమరలోంచి కార్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇచ్చినవాడికి తిరిగివ్వడం నీ పని. మిగతాది తర్వాత. బండి తియ్యి."

"ఎక్కడికండీ?"

"ఎక్కడికేమిటి?" అన్నాడు కోటు చేతులు ఎక్కించుకుంటూ.

వ్యానులో ఆయన దారి వంకే చూస్తూ కూర్చున్నాడు. పోట్లాటకి వెళుతున్నాడో, ఇంకెందుకు వెళుతున్నాడో ఆ మొహం చూస్తే తెలియడం లేదు. సయోరి ఫోను మోగింది. నాన్న. ఆగింది, మళ్ళీ మోగింది. ఆమె ఎత్తలేదు. ఈ మలుపు తిరిగితే కురోసె గారి ఇల్లు, ఈ మలుపుతో నాన్న పెట్టెలు ఎనిమిదీ పోవచ్చు. తను చెప్పింది నిజం. దాని వెనక ఏమొచ్చినా నిలబడి పడుతుంది, వచ్చే మంగళవారం కాఫీ కొట్టు మేడ మీద ఇది కూడా చెబుతుంది.

గేటు ముందు ఆపింది. మంచు తగ్గింది. లోపల వీధి తలుపు తీసిన చప్పుడైంది. మెట్ల మీద కురోసె గారు నిలబడి ఉన్నాడు. ముందు ఆమెని చూశాడు, తర్వాత ఆమె వెనక దిగుతున్న మనిషిని చూశాడు. అన్నీ అర్థమైపోయాయి ఆయనకి.

నోజిరి గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. ఇద్దరి మధ్యా పది అడుగుల దారి, ఎవరూ తొక్కని మంచు.

నోజిరి లోపలికి వెళతాడేమోనని సయోరి పక్కకి తప్పుకుంది. నోజిరి ఆమె భుజం మీద చెయ్యి వేసి ముందుకి నెట్టాడు.

"నువ్వు ముందు నడు," అన్నాడు. "పద్దెనిమిదేళ్ళయింది. మమ్మల్ని ఎవరో ఒకరు పరిచయం చెయ్యాలి కదా."